మిర్చి దుకాణంలో ఉపవాసం

బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో నేను గంజ్ బజారు దగ్గర ఒక బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. పుస్తకాలు కన్నడంలో, పిల్లల మాటలు తెలుగులో, వాళ్ళ తిట్లు ఉర్దూలో ఉండేవి. గోడ మీద పటంలో పెద్దాయన నవ్వుతూ ఉండేవాడు. ఏ నాయకుడో చెప్పక్కర్లేదు, అప్పట్లో ప్రతి ఆఫీసు గోడ మీదా ఆయనే. ఆయన మాటలు బట్టీపట్టిస్తే ఏం లాభం, ఆచరించాలి గానీ, అని నాకు బుద్ధి పుట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో మాట అప్పగించి, వారమంతా దాని ప్రకారం నడుచుకోమన్నాను.

నిజమే చెప్పాలన్న మాట దక్కినవాడు సొంత చిన్నాన్న పెళ్ళిచూపుల్లో, ఆయన తలకు చుట్టిన రుమాలు కింద వెంట్రుక లేదని చెప్పి వచ్చాడు. ఎవరి పని వాళ్ళే చేసుకోవాలన్న మాట దక్కినవాళ్ళు నాకు మంచినీళ్ళు తేవడం మానేశారు. అయినా నాకు ముచ్చటగానే ఉండింది.

ఎదుటివాళ్ళ తప్పు మాన్పించడానికి మనం ఉపవాసం ఉండాలన్నది మిర్చి సేటు కూతురికి దక్కింది. చాలా తెలివైన పిల్ల. పరీక్షలు కాగానే బడి మాన్పించేస్తానని సేటు అప్పటికే తేల్చేశాడు. ఎంత చెప్పినా వినలేదు. ఆ దిగులు ఆ పిల్లకీ ఉంది, నాకూ ఉంది. అయితే ఉపవాసం సొంతానికి కాదు, లోకం మేలు కోసమే పట్టాలని పాఠంలో గట్టిగా చెప్పింది నేనే.

తండ్రి బస్తాలో పైన కొత్త మిర్చి, కింద పాత మిర్చి పోస్తున్నాడని ఆ పిల్ల అన్నం మానేసింది. కూతురి మీద కోపంతో సేటు మానేశాడు. కొడుకు తినలేదని నాయనమ్మ, అత్త తినలేదని కోడలు మానేశారు. కబురందుకుని హుమ్నాబాద్ నుంచి వచ్చిన మేనమామ, బస్సు దిగిన పాపానికి, తనూ మానేశాడు. ఎవరు ఎవరి మీద పస్తు ఉంటున్నారో వాళ్ళకే తెలియలేదు.

మర్నాడు సేటు నన్ను ఇంటి ముందరి దుకాణానికి పిలిపించాడు.

"ఏం సారూ, కడుపునిండ తినొచ్చినవా? రేపటిసంది నా బిడ్డ బడికి రాదు. పరీక్షల దాకా గూడ ఆగేది లేదు."

నాయనమ్మ రాజీ కోసం నిమ్మరసం తెచ్చి మనుమరాలికి ఇచ్చింది. పెద్దవాళ్ళు ముందు తాగాలని ఆ పిల్ల తండ్రికి ఇచ్చింది. "సారు మెహమాన్, ముందు సారుకియ్యి," అన్నాడు సేటు. నేను మేనమామకు ఇచ్చాను. "అయ్యో, మీరు తీస్కోండ్రి," అని ఆయన నాకే ఇచ్చాడు. ఆకలితో సోలిపోతున్నా మా బీదరు మర్యాద మాత్రం సోలలేదు. మన్నాఏఖేళ్ళి నుంచి మిర్చి కొనడానికి వచ్చినాయన చేతికిస్తే, ఆయన కూడా సేటు వైపే జరిపాడు. చివరికి అందులో ఈగ పడింది. ఇంకో గ్లాసు కలిపారు. అదీ ఊరేగింది.

సేటుకు ఓపిక అయిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీకేం గావాల్నో చెప్పు బిడ్డా. బస్తాలన్ని గుమ్మరియ్యాల్నా? ఇప్పుడే గుమ్మరిస్త."

ఆ పిల్ల బస్తాల వైపు ఒకసారి చూసి, తండ్రి వైపు తిరిగింది.

"మిర్చి నీ ఇష్టమున్నట్ల అమ్ముకో నాయినా. నన్ను మెట్రిక్ దాకా చదువనియ్యి."

మన్నాఏఖేళ్ళి ఆయన తను ఎంచిన బస్తా వైపు అనుమానంగా చూశాడు. సేటు నా వైపు తిరిగాడు.

"సారూ, ఇది గూడ ఆ పెద్దాయన మాటేనా?"

పటం అక్కడ లేదన్న ధైర్యంతో, "అవును సేట్, ఆయన మాటే," అన్నాను.

సేటు గ్లాసు ఎత్తి, ఎవరినీ అడగకుండా గటగటా తాగేశాడు.

"సరే, పో. చదువుకో."

సంతోషం పట్టలేక నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల మాత్రం నా వైపు చూడనైనా చూడలేదు.

"అమ్మా, అన్నం పెట్టు," అంటూ లోపలికి పరిగెత్తింది.