తాత చాయ్ మోసిన పూట

మొన్న మా గుట్ట కింది హోటల్ కార్మికుల ఆసరా సంఘం నుంచి ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చారు. ఇద్దరూ కొత్తగా వచ్చిన పెద్ద హోటళ్లలో సర్వర్లు. సంఘం వాళ్లు కడుతున్న వసతిగృహం గోడకు శిలాఫలకం పెడతారట, దాని మీద చెక్కే చరిత్రను నేను సరిచూడాలట. "కార్మికుల కష్టాలు చూడలేక, దయార్ద్ర హృదయంతో" మా తాత ఈ సంఘాన్ని స్థాపించాడని రాసుకొచ్చారు. చదువుతుంటే నాకు పొలమారింది. మా తాతకు హృదయం లేదనను. కానీ దాన్ని ఆయన గిరాకీ ఉన్న వేళల్లో బయటికి తీసేవాడు కాదు, యాదగిరిగుట్ట కింద గిరాకీ లేని వేళంటూ ఉండదు.

మెట్లదారి మొదట్లో ఆయనది చాయ్ హోటల్. నాలుగు బల్లలు, నలుగురు పనివాళ్లు, పొయ్యి దగ్గర చాయ్ కాచే చాచా. పనివాళ్లంతా ఇరవై ఏళ్ల లోపువాళ్లే. గ్లాసు పగలగొడితే తాత ఒక తిట్టుతో వదిలేసేవాడు గానీ, ఎవరైనా కూర్చుంటే మాత్రం ఆ పూటంతా సణిగేవాడు. "కూసున్నోని కాళ్లు మొద్దువడ్తయిరా" అనేవాడు, తాను గల్లా వెనక మెత్త మీద కూర్చుని. పాపం, వాళ్లు అన్నం కూడా గోడకానుకుని నిలబడే తినేవారు. అందరిలో పెద్దవాణ్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. అమ్మకు తీరిక లేని రోజున నాకు జడ వేసేవాడు, కాస్త వంకరగానే అయినా బిగువుగా వేసేవాడు.

పోలీస్ చర్య అయింది, రజాకార్ల పీడ పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారో లేదో, యూనియన్ మిలిట్రీ కమ్యూనిస్టుల కోసం ఊళ్లు గాలించడం మొదలుపెట్టింది. హోటల్లో మిగిలిన పూరీలు మా అన్న మూటగట్టి అడవిలో దళం వాళ్లకు ఇచ్చి వచ్చేవాడు. తాతకు ఆ సంగతి తెలుసు. పూరీలు పోయినందుకు తిట్టాడు, బయట మాత్రం నోరు విప్పలేదు. ఒక పొద్దున జీపు వస్తోందని, హోటల్ సర్వర్ కోసమేనని కబురొచ్చింది. దొరికితే అన్నను తీసుకుపోతారు, అలా తీసుకుపోయిన వాళ్లు తిరిగి రావడం మేమెవరం చూడలేదు. పారిపోదామంటే హోటల్ వెనకంతా నిలువెత్తు బండ.

"కూసోండ్రి" అన్నాడు తాత.

ఎవరికీ అర్థం కాలేదు. ఏడేళ్ల నా బతుకులో ఆయన పనివాళ్లతో ఆ మాట అనగా వినడం అదే మొదలు. యాత్రికుల్లాగా బల్లల ముందు కూర్చోమని ఆయన ఉద్దేశం. చాచా గబగబా సున్నం, కుంకుమ తెచ్చి నలుగురికీ నామాలు దిద్దాడు. ఆయన జన్మలో నామం పెట్టి ఎరగడు. ఇద్దరికి నిలువుగా వచ్చింది, ఇద్దరికి అడ్డంగా వచ్చింది.

జీపులోంచి ముగ్గురు జవాన్లు, ఎక్కడివాడో ఒక పోలీసు దిగారు. "నీ దగ్గర పనిజేసే పోరగాండ్లేరి?" అన్నాడు పోలీసు.

"పారిపోయిండ్రు సార్. నేనే మోస్తున్న."

అయితే చాయ్ తెమ్మని అక్కడే కూర్చున్నారు. తాత మోయక తప్పలేదు. రెండు బొటనవేళ్లూ చాయ్‌లో ముంచి మరీ గ్లాసులు తెచ్చాడు. గ్లాసులు కడిగే చిన్నోడికి యాత్రికుడి వేషం బాగా పట్టింది. "తాతా, శక్కర తక్కువైంది, జర మార్చి తే" అన్నాడు. తాత వాణ్నొక చూపు చూసి, మార్చి తెచ్చాడు.

అంతలో ఒక జవాను బల్ల మీద కొట్టి "పానీ" అన్నాడు. నలుగురు యాత్రికులూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అన్న చేతిలోకి నీళ్లచెంబు కూడా వచ్చేసింది. పోలీసు తలతిప్పి అతన్నే చూస్తున్నాడు. నేను గల్లా కింద దాక్కుని చూస్తున్నాను.

తాత ఒక్క అంగలో వచ్చి చెంబు లాక్కున్నాడు. "కూసోండ్రి సాములూ, కూసోండ్రి. గుట్ట ఎక్కొచ్చినోళ్లు మీరు మోస్తరా? ఎన్నిసార్లు జెప్పాలె, మోసుడు నా పని." అంటూనే వంగి జవాను గ్లాసులో నీళ్లు పోశాడు. జవాను తాగాడు. పోలీసు ఆ వంకర నామాలను కాసేపు చూసి, ఏమనుకున్నాడో, చాయ్ ముగించి లేచాడు.

జీపు చప్పుడు వినబడనంత దూరం పోయినా బల్లల దగ్గర ఒక్కరూ కదల్లేదు. తాత వచ్చి అన్న పక్కన కూలబడి పిక్కలు పట్టుకున్నాడు. "మీకు రోజు గిట్లనే గుంజుతయారా కాళ్లు?" అన్నాడు. అన్న తల ఊపాడు.

మర్నాడు వంటింట్లోకి నాలుగు పీటలొచ్చాయి. ఆ తర్వాత వారానికొక పూట పనివాళ్లు కూర్చుంటే తాత వడ్డించేవాడు. ఇది చూసి పక్క హోటళ్ల వాళ్లు మొదట నవ్వారు, తర్వాత సిగ్గుపడి వాళ్లూ మొదలుపెట్టారు. జ్వరమొస్తే పడుకోవడానికి ఒక గది, ఊరుగాని ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఇంకో గది, ఇట్లా సంఘం పెరిగింది. దానికి చాలా ఏళ్లు మా అన్నే పెద్దగా ఉన్నాడు. ఆయన పోయిన రోజున నేను చిన్నపిల్లలా ఏడ్చాను.

కాగితంలో "దయార్ద్ర హృదయంతో" అన్నది కొట్టేసి "కాళ్ల నొప్పులతో" అని రాశాను. పిల్లల మొహాలు చిన్నబోయాయి. మందు బిళ్ల వేసుకునే వేళయిందని, వంటింట్లో ఉన్న కోడలికి వినబడేలా "కొన్ని నీళ్లమ్మా" అన్నాను. సోఫాలోని ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"కూసోండ్రి" అన్నాను. ఆ గొంతు నాది కాదు, తాతది. అప్పటివాళ్లంతా వెళ్లిపోయారు, ఈ కాలపు సర్వర్లు మాత్రం చెంబు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.