రిలీవర్ వచ్చేదాకా

డిప్లొమా అయ్యాక హైదరాబాద్‌లో ఒక పెద్ద యూనివర్సిటీలో, నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. మా ఇస్నాపూర్ నుంచి బస్సులో గంటన్నర దూరమే అయినా హాస్టల్లో ఉన్నాను. మొదటి వారమంతా సంబరమే. లైబ్రరీలో లోహాల మీదే ఒక గది నిండా పుస్తకాలు. క్లాసుకు వెళ్లే దారిలో నెమళ్లు. మూడు క్యాంటీన్లు, అందులో ఒక్కదాంట్లోనే మంచి చాయ్. అన్నిటినీ మించి, వర్క్‌షాప్ వెనక రేకుల షెడ్డులో విద్యార్థులే తయారుచేస్తున్న ఎలక్ట్రిక్ రేసు కారు.

ఆ టీములో చేరాలన్నది తప్ప నాకు వేరే ధ్యాస లేదు. క్లాసులో మిగతావాళ్లంతా ఏడాది ముందే జట్లు కట్టేసుకున్నారు. మెస్‌లో నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. రెండో సంవత్సరం వాళ్లను టీములోకి తీసుకునేది ఒక్కసారే, ఆ శుక్రవారం మూడింటికి.

మూడింటి వరకు మాకు ల్యాబు. ఉక్కు ముక్కల్ని ఫర్నేసులో పెట్టాం. అవి కాగాక తీయాల్సింది తర్వాతి బ్యాచి. టైము కాగానే మావాళ్లు బ్యాగులు తగిలించుకుని వెళ్లిపోయారు. తర్వాతి బ్యాచి రాలేదు. సార్ మీటింగులో ఉన్నారు. నేను ఫర్నేసు దగ్గరే నిలబడ్డాను.

మా నాన్న పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో బాయిలర్ ఆపరేటర్. తర్వాతి షిఫ్టు మనిషిని అక్కడ రిలీవర్ అంటారు. ఆ మనిషి వచ్చి, రీడింగులు విని, వాటిని తిరిగి చెప్పేదాకా నాన్న బాయిలర్ వదలడు. రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు. మా ఇంట్లో పెళ్లి ప్రయాణాలైనా, ఆదివారం కోడికూర అయినా రిలీవర్‌ను బట్టే. కాగుతున్న దాన్ని వదిలేసి వెళ్లడం నేను ఎన్నడూ చూడలేదు.

చివరికి తర్వాతి బ్యాచి వాళ్లు తీరిగ్గా వచ్చారు. ఫర్నేసు ఎంత వేడి మీద ఉందో, ముక్కలు ఎప్పుడు పెట్టామో, తలుపు ఎటువైపు బిగుసుకుంటుందో వరసగా అప్పజెప్పాను. ఒకడు మర్యాదగా అడిగాడు.

"అన్నా, మీరు కొత్త ల్యాబ్ అసిస్టెంటా?"

షెడ్డు వైపు పరుగెత్తాను.

షెడ్డుకు చేరేసరికి ఎంపిక అయిపోయింది. టీముకు లీడర్ అయిన నాలుగో సంవత్సరం అక్క కేబుల్ చుడుతోంది. ఎందుకు లేటని అడిగింది. రిలీవర్ రాలేదన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. రిలీవర్ అంటే ఎవరని అడిగితే, మా నాన్న దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను.

"గా ఫర్నేసు దానంతటదే బందైతది. తెల్వదా?"

"తెలుసక్కా."

"మరెందుకు నిలబడ్డవ్?"

"బందైందని సూసెటోళ్లు ఒకరు ఉండాలె గదక్కా."

ఆమె కేబుల్ చుట్టడం ఆపింది. పేర్లు తీసుకోవడం అయితే అయిపోయిందని చెప్పింది. తర్వాత బల్లమీద ఛార్జింగులో ఉన్న బ్యాటరీని చూపించి, వాళ్లంతా చాయ్‌కి పోతున్నారని, ఎవరైనా వచ్చేదాకా దాని దగ్గర ఉంటావా అని అడిగింది. అది పరీక్షో, ఆటపట్టించడమో నాకు అర్థం కాలేదు. ఉంటానన్నాను.

అందరూ వెళ్లాక ఆ షెడ్డులో నేను, ఆ కారు. బాడీ ఇంకా ఎక్కించలేదు కాబట్టి లోపలిదంతా కనిపిస్తోంది: వెల్డింగు అతుకులు, గొలుసు, బ్రేకు పైపులు, తొడుగు లేని స్టీరింగు. చేయి చాపితే తగిలేంత దగ్గర. దేన్నీ ముట్టుకోలేదు. బ్యాటరీ మీటరు మారినప్పుడల్లా బల్లమీద సుద్దముక్కతో రాశాను. 

టీములో ఒకతను తిరిగొచ్చాడు.

"ఇగ నువ్వు పో. నేనొచ్చిన."

నేను రీడింగు చెప్పి నిలబడ్డాను. అతను నవ్వలేదు. బల్లమీది అంకెలు చూసుకుంటూ తిరిగి చెప్పాడు. అప్పుడు వదిలాను.

బయట గోడ మీద మిగతా టీమంతా వరసగా కూర్చుని చాయ్ తాగుతున్నారు. అక్క కొంచెం జరిగి చోటిచ్చింది.

"రేపు పొద్దుగాల షిఫ్టు నీదే," అంది.