మూత తీసిన కావలిబొమ్మ

ఒక బొమ్మను బాగుచేయబోయి నేను చెడగొట్టిన సంగతి ఎరిగినవారిలో ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను. తప్పు నాది కనుక వ్రాసిపెట్టవలసిన బాధ్యతా నాదే.

డెబ్బైలలో గవర్నర్‌పేటలో మా పక్కవాటాలో రిటైరైన నర్సు ఒకరు ఉండేవారు; నర్సమ్మగారు అనేవాళ్ళం. క్రైస్తవులు. అప్పటికే ఆమె భర్త గతించారు. ఆయన యౌవనంలో సుమత్రా ద్వీపంలో ఒక తోటల ఆసుపత్రిలో కాంపౌండరు. తిరిగివచ్చేటప్పుడు బతక్ జాతికి చెందిన మిత్రుడొకడు ఆయనకు మూరెడు కొయ్యబొమ్మను ఇచ్చాడట. మోకాళ్ళు కాస్త వంచి, చేతులు పొట్టపై ఆనించి నిలిచిన మనిషి. రొమ్ములో చిన్న రంధ్రం, దానికి కొయ్యమూత. అటువంటివి వారి పల్లెలకు కాపలా అట. ఆమె కూడా దాన్ని గుమ్మం పక్కన వీధివైపు తిప్పి నిలిపారు.

ఒక వేసవిలో బొమ్మ కాలు బీటవారింది.

"ఇది గుమ్మంలో ఉంటే ఆయన ఉన్నట్టే ఉంటుందండీ. కాస్త అతికించి పెట్టించండి మాస్టారూ" అని నాకు అప్పగించారు.

కొండపల్లి తీసుకువెళ్ళాను. కాలు అతికించడంతో ఊరుకోక, మసి కడిగి రంధ్రమూ పూడ్చమన్నాను. బొమ్మల పనివాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆ మూత జోలికి పోవద్దండి. ఊరికే పెడతారా మూత?"

"రొమ్మున కన్నంతో బొమ్మ ఏమిటయ్యా? పూడ్చు."

మూత తీస్తే నల్లని జిగురుముద్ద వచ్చింది. నేనే దాన్ని కాలువలో పారవేశాను. అతడు చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో పూడ్చి వార్నీషు వేశాడు.

తెచ్చి ఇస్తే నర్సమ్మగారు బొమ్మ రొమ్ము తడిమి చూశారు.

"లోపలిది ఏదండీ?"

"చెత్త. పారేశాను."

ఆమె అరుగుమీద కూర్చున్నారు. "దానికి బలమంతా ఆ మందేనండీ. మా ఆయన ఓడలో క్షేమంగా చేరాలని ఆ స్నేహితుడు కూరి ఇచ్చాడు. ఆయన ఒక్కనాడూ తెరవలేదు."

నా ముఖం చూసి ఆమే నవ్వారు.

"పోనీలెండి. వీడికీ నాలాగే రిటైర్మెంట్ ఇప్పించారు."

మరునాడు చూస్తే బొమ్మ గుమ్మంలో లేదు. లోపల, ఆయన పడకకుర్చీ పక్కన, ఆమెవైపు తిరిగి ఉంది. ఆమె బ్రతికినన్నాళ్ళూ అక్కడే ఉంది.

దాన్ని అక్కడివారు పంగులుబలాంగ్ అంటారని ఆమె నోట విన్నాను. ఆ పేరు, ఆ మందును గురించిన మాటలు, నేను సరిగా పట్టుకున్నానో లేదో తెలియదు. ఎరిగిన పాఠకులు దయతో దిద్దవలసినదిగా కోరుతున్నాను. ఈసారి చెప్పినవారి మాట వింటాను.