కాగితం చివరిదాకా

మా టైపు అక్క పోయింది. ఆఫీసులో మిషను ముందు కూర్చుని ఉండగా తెలిసింది నాకా కబురు. ఒకప్పుడు నాతోపాటు టైపు నేర్చుకున్న స్నేహితురాలు రాజోలు నుంచి ఏదో పని మీద వచ్చి, "అక్కగారు పోయేరంట. కామెర్లంట. నీకు చెప్పినవాళ్ళు లేరా?" అంది. ఎవరూ చెప్పలేదు. చెప్పాలనిపించేంత పెద్ద మనిషి కాదు కదా ఆవిడ, లోకం లెక్కలో.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికకి అమలాపురం వెళ్ళాను. మాట్లాడిన వాళ్ళందరూ ఆవిడ తండ్రి గురించే మాట్లాడారు. మాస్టారు ఎంతమందికి టైపు నేర్పారో, ఎంతమంది ఆయన పేరు చెప్పుకుని అన్నం తింటున్నారో అని. ఒక పెద్దాయన అయితే, అక్క ఆయన క్రమశిక్షణని పుణికిపుచ్చుకుందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ క్రమశిక్షణ బారి నుంచి మమ్మల్ని బయట పడేసింది ఆవిడే. దుఃఖంలో ఉన్న ఇంట్లో వాదులాట బాగోదని అక్కడ ఊరుకున్నాను. మీ దగ్గర ఊరుకోనక్కర్లేదు.

డెబ్బైల చివర మా వైపు టెన్తు పాసయిన ఆడపిల్లని పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా ఉంచడం ఎందుకని టైపుకి పంపేవారు. మా ఇంట్లో సంగతి వేరు. మా నాన్న కొబ్బరికాయలు వలిచేవాడు. ఆయన దృష్టిలో టైపంటే ఉద్యోగమే. పొద్దున్నే మొదటి బస్సెక్కి, అమలాపురంలో కాలవ పక్క మేడ మీదున్న మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళేదాన్ని. మెట్లెక్కుతుంటేనే చప్పుడు చెవులు చిల్లులు పడేలా వినిపించేది.

మాస్టారు చెడ్డవారని నేననను. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదిరేది కాదు. ఆయన నియమం ఒక్కటే. కాగితం మీద తప్పు పడకూడదు. పడిందా, ఆ క్షణమే కాగితం మిషన్లోంచి లాగేసి, ఉండ చుట్టి బుట్టలో పడేసి, కొత్త కాగితం పెట్టి మొదటి నుంచీ కొట్టాలి. మేమంతా పై నాలుగు పంక్తులూ ముత్యాల్లా కొట్టేవాళ్ళం. కాగితం అడుగు భాగం ఎలా ఉంటుందో మాలో ఎవరమూ ఎరగం.

పరీక్ష కాకినాడలో. మిషన్లు మనవి మనమే తీసుకెళ్ళాలి. ఎదుర్లంక రేవులో గోదావరి దాటించే పంటు మీదికి, అవతల బస్సు మీదికి వాటిని ఎక్కించి దింపి, హాల్లో బల్లల మీద సర్దిపెట్టే పని అక్కది. పాతికేళ్ళుంటాయేమో అప్పటికి. అన్నీ సర్ది ఆవిడ వరండాలోకి వెళ్ళిపోయేది. మా మొదటి పరీక్షలో గంట కొట్టగానే మొదలుపెట్టాం. నా పక్కమ్మాయికి తప్పు పడింది. పాపం, చటుక్కున కాగితం లాగేసి ఉండ చుట్టేసింది. తర్వాత నేను. తర్వాత వెనక వరసలో ఇంకో అమ్మాయి. అక్కడున్న పర్యవేక్షకుడు పిచ్చివాళ్ళని చూసినట్టు చూశాడు. మిగతా ఊళ్ళ పిల్లలు తప్పులతో సహా ఠపఠపా కొట్టుకుపోతున్నారు. మేం కాగితాలు మారుస్తుండగానే టైమయిపోయింది. ఆ విడతలో మా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక్కరూ గట్టెక్కలేదు.

ఇంకా శుద్ధంగా కొట్టాలన్నారు మాస్టారు.  అక్క మాత్రం మర్నాటి నుంచి, ఆయన భోజనానికి ఇంటికెళ్ళి కునుకు తీసే వేళకి మమ్మల్ని రమ్మనేది. చెత్తబుట్ట తీసుకెళ్ళి బయట పెట్టేసేది. "తప్పు పడితే పడనీయండమ్మా, చెయ్యి ఆపొద్దు. కాగితం చివరిదాకా వెళ్ళినవాళ్ళకే కదా తమ తప్పులేంటో తెలిసేది" అనేది. మొదటి రోజు నా కాగితం చూస్తే ఏడుపొచ్చింది. చీమలు పాకినట్టుంది. ఆవిడ నవ్వి దాని మీద తారీకు వేయించింది. మర్నాడు అదే పేరా మళ్ళీ కొట్టించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "నిన్నటి కంటే ఒకటి తగ్గిందా లేదా? తగ్గింది కదా. ఆయ్, చాలు. ఇంక ఇంటికెళ్ళు." మా పక్కనున్న వాళ్ళ కాగితం వైపు చూస్తే ఒప్పుకునేది కాదు. నీ నిన్నటితోనే నీకు పోటీ అనేది.

తర్వాతి విడతలో పాసయ్యాం. తప్పులతోనే పాసయ్యాం. ఒకమ్మాయి కోర్టులో చేరింది, ఒకమ్మాయి కొబ్బరి వ్యాపారి దగ్గర చేరింది, నేను ఈ ఆఫీసులో చేరాను. మాస్టారు మా పేర్లు గోడ మీద రాయించుకున్నారు.

మరి అక్క సంగతేమిటని మీరు అడగాలి. ఎవరూ అడగలేదు కాబట్టే ఈ రాత. ఆవిడకీ టైపు లోయర్ పరీక్ష పాసవ్వాలనే ఉండేది. ఎక్కడో ఒక ఆఫీసులో తనకంటూ ఒక కుర్చీ ఉండాలని, ఆ మాట పంటు మీద నాతో ఎన్నిసార్లో అంది. ఫీజు కట్టే రోజులు వచ్చినప్పుడల్లా మాస్టారు ఆవిడని మిషను ముందు కూర్చోబెట్టి, తను వెనక నిలబడేవారు. ఆయన వెనక నిలబడ్డారంటే చాలు, ఎక్కడో ఒక అక్షరం జారేది. అంతే, ఆ విడతకి లేదు. ఒకసారి నేనుండబట్టలేక, అన్ని తప్పులతో నేను పాసయ్యాను కదండీ అన్నాను. ఆయన శాంతంగానే జవాబు చెప్పారు.

"నువ్వు పాసయితే చాలమ్మా. అది నా కూతురు. అది తప్పుతో పాసయిందంటే, ఇక్కడ నేర్పేదాంట్లోనే తప్పుందంటారు."

అక్క తల వంచుకుని రిబ్బను సరిచేసుకుంటోంది. ప్రేమే అనుకోండి, పరువే అనుకోండి. ఏళ్ళు గడిచాయి. ఆవిడ మాత్రం ప్రతి విడతా మిషన్లు మోసుకుంటూ కాకినాడ వెళ్ళి, ఆ వరండాలో కూర్చుని పిల్లల మిషన్ల చప్పుళ్ళు వింటూనే ఉంది. సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోయింది. అప్పుడు పోయారు మాస్టారు. ఆయన్ని తిట్టుకోవడం కూడా చేతకాలేదు నాకు. ఆ మెట్లెక్కబట్టే కదా మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఈ చేదు మింగుడు పడదు.

కిందటేడు ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. అప్పటికి ఇన్‌స్టిట్యూట్ ఆవిడదే. ఒక్కతీ మిషను మీద ఏదో కొట్టుకుంటోంది. అడ్డుపెట్టేవారు ఎవరూ లేరు కదక్కా, పరీక్షకి వయసుతో పనిలేదు, ఇప్పుడైనా ఫీజు కట్టండి, ఏ ప్రైవేటు ఆఫీసులోనైనా చేరొచ్చు అన్నాను. సర్టిఫికెట్టు చేతిలో పెట్టుకుని రండి, మా ఆఫీసరుగారికి తెలిసినవాళ్ళున్నారు, నేను మాట్లాడతానని కూడా చెప్పాను. ఆవిడ మొహమాటంగా నవ్వింది.

"కడతానమ్మా. ఇంకా ఒకటో రెండో పడుతున్నాయి. అవి కూడా పోనీ."

 ఇంతలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె భయం భయంగా వచ్చి తన కాగితం చూపించింది. అక్షరాల మీద అక్షరాలు, సగం మాటలు అతుక్కుపోయి ఉన్నాయి. అక్క దాన్ని బల్ల మీద పెట్టి కుడిచేత్తో మడతలు పోయేలా నిమిరింది. "చివరిదాకా వచ్చేవే! బంగారం లాగుంది. రేపే ఫీజు కట్టెయ్" అంది. ఆ పిల్ల మొహం విచ్చుకుంది. అక్క ఎడమచెయ్యి తన మిషను మీద ఉంది. ఆ పిల్లతో మాట్లాడుతూనే, నవ్వుతూనే, ఒకే ఒక్క తప్పు పడిన తన కాగితాన్ని మెల్లగా లాగి, ఆ చేత్తోనే ఉండ చుట్టేసింది.