నెత్తళ్ళ కింద అన్నగారి ముఖం

సహోదరులారా, సహోదరీలారా, మొన్నటిదాకా నా ఇంట్లో అన్నం కంటే భయమే ఎక్కువ ఉడికేది. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్ముకునేదాన్ని. నా కొడుకు సుధీర్ డిగ్రీ మధ్యలో వదిలేసి, బజారులో అందరూ 'అన్న' అని పిలిచే ఒకాయన వెంట పడ్డాడు, వాడి పుట్టినరోజుకి ఆ అన్న మా వీధి మొగలో ఫ్లెక్సీ కట్టించి, తన ముఖం పక్కన వీడి ముఖం వేయించి, నడిరోడ్డు మీద కత్తితో కేకు కోయించాడు, అంతే, నా బిడ్డ ఆయన మనిషైపోయాడు!

తర్వాత పక్కవీధి కుర్రాళ్ళు ఆ ఫ్లెక్సీలో నా కొడుకు బుగ్గ మీద బ్లేడుతో గీశారు.

"నీ ముఖం కోసినోడి ముఖం కొయ్యకపోతే నువ్వు మగోడివేట్రా?" అన్నాడు అన్న. ఆ సాయంత్రమే కొట్లాటకి వెళ్ళాలని నిర్ణయించేశారు.

ఇది సాతాను పని, ఉపవాసముండు అన్నారు మనవాళ్ళు. ఉన్నాను. కానీ అడుగుతున్నాను, ఫ్లెక్సీకి ఆర్డరిచ్చింది సాతానా? నా బిడ్డ చేతికి కత్తి ఇచ్చింది సాతానా? పేరూ ఊరూ ఉన్న మనిషి చేసిన పనిని కనిపించనివాడి మీదకు తోసేస్తే, కనిపించేవాడికి ఎంత సుఖం!

"ప్రభువా, బొమ్మలకి మొక్కొద్దన్నావు, మానేసినాం. ఇప్పుడు బొమ్మ కోసం నెత్తురు కార్చమంటన్నారు, నానేటి సెయ్యాల?" అని మోకాళ్ళ మీద ఏడ్చాను. లేచేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. ఆ కోపం దేవుడిచ్చిందే! వెళ్ళి ఫ్లెక్సీ విప్పి తెచ్చి, ఇంటి ముందు పరిచి, ఆ రెండు ముఖాల మీదా నెత్తళ్ళ చేపలు ఆరబోశాను.

అన్న తన కుర్రాళ్ళతో ఊగిపోతూ వచ్చాడు. వాళ్ళలో నా కొడుకూ ఉన్నాడు, చొక్కా కింద కత్తితో.

"ఏటే ముసల్దానా, నా ముఖం మీద సేపలేటి?"

"నా కొడుకు ముఖం మీద కూడా పోసాను బావూ. ఆడికి నొప్పెట్టనేదు. నీకు నొప్పెడతందేటి?"

"అది నా పరువు!"

"పరువైతే ఇంట్లో దాసుకోవాల, కరెంటు స్తంభానికి కడతావేటి?"

వీధిలో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అప్పుడే ఒక కాకి దిగి, ఫ్లెక్సీలో అన్న ముక్కు మీదున్న చేపను ఎత్తుకుపోయింది, నా కొడుక్కీ నవ్వాగలేదు!

"నవ్వుతావేట్రా?" అని అన్న చెయ్యెత్తాడు.

"మరేటి సెయ్యమంటావన్నా? అది బొమ్మే కదా!" అన్నాడు నా బిడ్డ. కత్తి తీసి నా చేతిలో పెట్టి, నా పక్కన కూలబడ్డాడు. దేవునికే మహిమ!

"మీ సంగతి సూత్తాను" అని అన్న పోయాడు. చూడనీ! ఆయన బెదిరింపు ఇంకా ఉంది, నా భయమే లేదు. మీ ఇంట్లోనూ అలాంటి బిడ్డ ఉంటే దేవుణ్ణి నమ్మి ప్రార్థించండి, ప్రార్థించి గడప దాటండి. ఒంటరిగా వెళ్ళడానికి జంకితే కబురు పెట్టండి, నేనూ నా కొడుకూ తోడొస్తాం.