తప్పు గాలిది, కాకపోతే నా జాకెట్‌ది

బెరెండ్‌కి ఒకటే పిచ్చి. గోల్‌లోకి బంతి వెళ్ళిందంటే ఆ తప్పు గాలిదవుతుంది, గడ్డిదవుతుంది, రిఫరీదవుతుంది, ఎవరూ దొరక్కపోతే నాదవుతుంది. గోల్‌కీపర్‌ది మాత్రం చచ్చినా కాదు.

ఆయన నెదర్లాండ్స్‌లో పదిహేనేళ్ళు జీతం తీసుకుని గోల్‌కీపింగ్ చేసిన మనిషి. వాళ్ళావిడ ఒక చీజ్ కంపెనీ తరఫున అమెరికాలో మేముండే బెంటన్‌విల్ వస్తే, వెంట వచ్చి మా దియ ఆడే ఆడపిల్లల సాకర్ టీమ్‌కి కోచ్‌గా కుదురుకున్నాడు. దియకి పదకొండేళ్ళు, టీమ్‌కి అదే గోలీ, అంటే గోల్‌కీపర్. ఇక నా గతి వేరే చెప్పాలా?

పదిహేనేళ్ళ కెరీర్ అన్నానా, అందులో మైదానంలోకి దిగింది పదకొండు మ్యాచులు. మిగతాదంతా బెంచీ మీదే. రెండో కీపర్ బతుకు అంతేనట, మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప పిలుపు రాదు. ఆ పదకొండు మ్యాచుల్లో పందొమ్మిది గోల్స్ తిన్నాడు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వరసగా అడిగాను.

"నాలుగోది ఎండ," అన్నాడు. "నేరుగా కళ్ళల్లో కొట్టింది."

"ఏడోది?"

"బ్యాండువాళ్ళు. సరిగ్గా అప్పుడే బూర ఊదాలా?"

"పన్నెండు?"

"పక్షి. పెద్ద పక్షి."

"మరి మొట్టమొదటిది?"

"టీ తాగుతావా శశికాంత్?" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఇలాంటివి నాకు ఒళ్ళుమంట. నేను చేసేది ప్రొడక్షన్ సపోర్ట్. కంప్యూటర్ సిస్టమ్ పడిపోయిందంటే ఆ రోజే రూట్ కాజ్ రిపోర్ట్ పంపాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరివల్ల జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం చేస్తారు. కారణం దగ్గర "గాలి" అని రాసి పంపిస్తే మా మేనేజర్ సోమవారానికల్లా నన్ను ఇండియా ఫ్లైట్ ఎక్కిస్తాడు. అందుకే దియ తిన్న ప్రతి గోల్‌కీ ఒక రిపోర్ట్ తయారుచేసి, ఇంటికి డ్రైవ్ చేస్తూ దానికి పాయింట్ బై పాయింట్ వినిపించేవాణ్ణి. పిల్ల బాగుపడాలనే కదా? మా ఆవిడ చంద్రిక మాత్రం, "దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అని సణిగేది.

ఒక రిపోర్ట్ ప్రింట్ తీసి బెరెండ్ చేతిలో కూడా పెట్టాను. కళ్ళజోడు తగిలించుకుని శ్రద్ధగా చదివాడు. "కీపర్ ఆలస్యంగా కదిలింది" అని నేను రాసిన చోట పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

"గాలి," అన్నాడు. దియ నేర్పిందట, ఆయనకొచ్చిన తెలుగు ముక్క అదొక్కటే.

"ఆ రోజు ఆకు కూడా కదల్లేదు."

"అదే కదా. గాలి వస్తుందని నిలబడింది. రాలేదు."

చెప్పండి, ఇదెక్కడి న్యాయం?

వసంతం సీజన్ ఆఖరి మ్యాచ్ నాడు సంగతి ముదిరింది. దానికి ముందు రోజు దియ వాళ్ళమ్మతో, "రేపు నా వల్ల ఓడిపోతే ఇంక నేను గోలీ చెయ్యను మమ్మీ," అందట. నాతో అనలేదు. సీజనంతా రిపోర్టులు రాసి పెట్టిన తండ్రిని, నాతో ఒక్క ముక్క అనలేదు.

మ్యాచ్ చెరో గోల్‌తో సమంగా నడుస్తోంది. నేను సేల్‌లో కొన్న పసుపుపచ్చ వానజాకెట్ వేసుకుని, ఫోన్‌లో వీడియో తీస్తూ దియ గోల్ వెనకాలే నిలబడ్డాను. ఇంకొక్క నిమిషం ఉందనగా ఓ బంతి దొర్లుకుంటూ వచ్చింది. మెల్లగా, మా అమ్మ కూడా ఆపగలిగేంత మెల్లగా. అది దియ రెండు కాళ్ళ మధ్య నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

దియ గ్లవ్స్ తీసి గడ్డి మీద పడేసింది.

అప్పుడు బెరెండ్ పరిగెత్తుకొచ్చాడు. ఆ గ్లవ్స్ ఏరుకుని, వాటితో నన్ను చూపిస్తూ రిఫరీ మీద విరుచుకుపడ్డాడు. "ఆ జాకెట్ చూడండి. అంత పసుపు వెనకాల ఊగుతుంటే పిల్లకి బంతి ఎలా కనిపిస్తుంది? ఈ మనిషిని అక్కడ ఎవరు నిలబడనిచ్చారు?"

గోల్ వెనక ఎవరూ నిలబడకూడదని రూల్ ఉందట. రిఫరీ నన్ను పార్కింగ్ లాట్‌కి పొమ్మన్నాడు. గోల్ మాత్రం గోలే అన్నాడు. అయినా అరుపు ఆపనందుకు బెరెండ్‌కి ఎర్రకార్డు చూపించి ఆయన్నీ బయటికి పంపాడు. మా ఆఫీసువాళ్ళు ఆరు కుటుంబాలు కుర్చీలేసుకుని కూర్చుని చూస్తుండగా తలొంచుకుని నడిచాను.

"నా పరువు తీశారు," అన్నాను కారు దగ్గర. "బంతి కాళ్ళ మధ్య నుంచి పోయింది. నా జాకెట్‌కీ దానికీ ఏమిటి సంబంధం?"

"ఏమీ లేదు," అన్నాడు బెరెండ్.

మైదానం వైపు చెయ్యి చూపించాడు.

"ఇప్పుడు అక్కడ అందరూ ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో చూడు."

చూశాను. మ్యాచ్ అయిపోయింది. పెద్దవాళ్ళు నావైపు చూసి నవ్వుతున్నారు. పిల్లలు దియ చుట్టూ చేరి, కోచ్ ఎలా గెంతాడో గెంతి చూపిస్తున్నారు. ఓడించిన గోల్ ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

"నా మొదటి గోల్ అడిగావు కదా," అన్నాడు. "పందొమ్మిదేళ్ళప్పుడు. ఇలాగే, కాళ్ళ మధ్య నుంచి. నాన్న నన్ను కార్‌లో ఇంటికి తీసుకెళ్ళాడు. తొంభై కిలోమీటర్లు, ఎలా నిలబడాల్సిందో చెబుతూనే ఉన్నాడు. చెప్పినవన్నీ నిజాలే. ఆ తర్వాత బంతి కనపడేలోపు ఆయన గొంతు వినపడేది. బెంచీ మీద హాయిగా ఉండేది."

గ్లవ్స్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాకు చాలా సిగ్గేసింది. కోపం కూడా పోలేదనుకోండి.

దియ వచ్చి కార్‌లో కూర్చుంది. చంద్రిక వెనక సీట్లో కూర్చుని నన్నే చూస్తోంది. రెండు సిగ్నళ్ళు దాటాక దియే అంది.

"నాన్నా, చెప్పు. రూట్ కాజ్ ఏంటి?"

"నా జాకెట్," అన్నాను.

కాసేపు నన్ను అనుమానంగా చూసింది. తర్వాత నా పక్కనున్న గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని, "అవును, చాలా అగ్లీ జాకెట్," అంది. ఇల్లు చేరేదాకా దాన్నే తిట్టింది.

ఆగస్టులో మళ్ళీ సీజన్ మొదలైంది. దియ గోల్‌లో నిలబడింది. తొంభై ఆరు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో, రూల్ ప్రకారం పక్క గీత దగ్గర, అవసరపడుతుందేమోనని ఆ ప్లాస్టిక్ జాకెట్ మెడదాకా జిప్ వేసుకుని నిలబడ్డాను. చెమట బూట్లలోకి కారుతోంది. పావుగంటలో గోల్ పడింది. నాదే తప్పని చెయ్యెత్తబోయాను.

"గాలి," అని అరిచాడు బెరెండ్.

"గాలి," అంది దియ గోల్‌లోంచి, బంతి తీసి విసిరేస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉడికిపోతూ నిలబడింది నేనైతే, పేరు గాలికా?