దొర ముత్తాత చెంప

ఆ బొమ్మను పాడుచేసింది నేనే. ఈ మాట 1952లోనే, కౌలాలంపూర్‌లో నేను ఫ్రేములు కట్టే దుకాణంలో, దొర ఎదుట చెప్పవలసింది. చెప్పలేదు.

మలయాలో కమ్యూనిస్టు తిరుగుబాటును అణచడానికి తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. కౌలా సెలంగోర్ దగ్గర ఒక ఎస్టేట్ బంగళా మీద కాల్పులు జరిగి, గోడ మీది పటం కిందపడి అద్దం పగిలింది. మేనేజర్ దొర దాన్ని కారులో తెచ్చాడు. కుదుపులకు దెబ్బతినకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి పనిమనిషి అప్పలమ్మను వెంటబెట్టుకొచ్చాడు. పటంలో ఉన్నది దొర పూర్వీకుడు, ఇంగ్లండులో బోలెడు భూములున్న ఆసామి. పౌడరు చల్లిన విగ్గు, నీలం కోటు, బాగా తిని పెరిగిన గులాబీ చెంపలు.

"మా దొరోరి తాతకి తాతంట బాబూ. సుక్కురోరం సుక్కురోరం అద్దం మీద తడిగుడ్డెట్టి తుడుస్తాను. బొట్టొకటే ఎట్టనేదు!" అని అప్పలమ్మ నవ్వింది.

అది పాస్టెల్, అంటే రంగు సుద్దలతో గీసిన బొమ్మ. ఆ రంగు కాగితంలోకి ఇంకదు, పొడిగా పైనే నిలిచి ఉంటుంది. అద్దం కూడా తగలకుండా మధ్యలో స్పేసర్ అనే సన్నని చెక్కపట్టీ పెడతారు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. మాకు వచ్చేవన్నీ దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు. అద్దం బిగించే ముందు వాటిని కొంచెం తడిపిన గుడ్డతో తుడవడం మా అలవాటు. ముత్తాత ముఖం మీద బూజు మచ్చ కనిపిస్తే అలాగే తుడిచాను. చెంప గుడ్డకు వచ్చేసింది.

వారం తర్వాత వాళ్లిద్దరూ వచ్చారు. దొర ముఖం ఎర్రబడింది.

"పగుళ్ల వెనక కనబడలేదేమో, అద్దం తీసేసరికే ఇలా ఉందండి" అన్నాను.

దొర అప్పలమ్మ వైపు తిరిగాడు. "నీ తడిగుడ్డే! నీళ్లు లోపలికి దిగాయి."

ఆమె తన చేతులు చూసుకుంది. తర్వాత నన్ను అడిగింది. "అద్దం దాటి దిగిపోద్దేటి బాబూ? నీకు తెలుస్తాది కదా."

"దిగొచ్చు" అన్నాను.

ఆమె పని పోయింది. బంగళా వెనక ఉండే గదీ పోయింది. హుటాన్ మెలింటాంగ్ అనే ఊళ్లో కొడుకు దగ్గరికి చేరిందని ఎవరో చెప్పారు.

మెర్దేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది దొర తన దేశం వెళ్లిపోయాడు. అడిగేవాడు లేకుండా పోయాకే నాకు ధైర్యం వచ్చింది. అదీ సిగ్గే. బస్సెక్కి వెళ్లాను.

అప్పలమ్మ ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. "పటాల బాబు! ఆ ముసిలోడి సెంప బాగుపడినాదా?" అంది. "ఆ దినం నుంచి నాను ఏ పటమూ ముట్టనేదు. దేవుడి పటాలు కూడా మా కోడలే తుడుస్తాది."

"పెద్దమ్మా, నీ గుడ్డ తడి అద్దం దాటనేదు. నా గుడ్డతో నానే సెరిపేసినాను. నువ్వడిగితే అబద్దమాడినాను. తప్పైపోనాది."

ఆమె చేతిలోని చేపను పక్కన పెట్టింది. లోపలికి చూసి కోడలిని కేకేసింది. కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"ఇప్పుడు సెప్పు" అంది నాతో. "గట్టిగా సెప్పు."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.